గుంటలో కౌంట్ తగ్గితే సంతోషం, ఆస్పత్రిలో తగ్గితే భయం: ఒకే మాట ఎట్టా తిరగబడింది?

ఇందుకూరుపేట గుంట:
రొయ్య 60 కౌంట్ నుంచి 50కి తగ్గిందంటే పెరిగినట్టు. ప్లేట్‌లెట్ కౌంట్ తగ్గిందంటే గాబరా. ఇదేంది? ఇంకోటి, మనం 40 కౌంట్ అమ్మితే ఎగుమతి పెట్టె మీద 26/30 అని ఎందుకు వేస్తారు?

అల్లూరు ఆక్వా:
అన్నా, కౌంట్ అంటే లెక్క, అంతే. ఎంతలో ఎన్ని అన్నది చూడాల. గుంట దగ్గర కిలోకి ఎన్ని రొయ్యలని లెక్క. కిలో మారదు కాబట్టి రొయ్య బలిసేకొద్దీ అంకె దిగుద్ది. 1000ని కౌంట్‌తో భాగించు: 100 అయితే ఒక్కోటి 10 గ్రాములు, 50 అయితే 20, 40 అయితే 25. రక్తంలో మైక్రోలీటరుకి ఎన్ని ప్లేట్‌లెట్లన్నదే లెక్క, అంకె దిగితే అవే తక్కువైనట్టు. మామూలుగా లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షలు ఉండాల.

26/30 అంటే తల తీసినాక పౌనుకి 26 నుంచి 30. పౌను 453.6 గ్రాములు. వనామీ రకం రొయ్యకి తల తీస్తే దాదాపు మూడో వంతు తూకం పోద్ది. 25 గ్రాముల రొయ్య 16, 17 గ్రాములకు దిగుద్ది. పౌనుకి 27, 28 తూగుతాయి. మన 40 ఆడ 26/30 అయ్యేది అందుకే.

కౌంట్ చూసేటప్పుడు నీళ్లు బాగా వడిసినాకే తూకం వెయ్యి. తడి బరువు కలిస్తే కిలోకి రొయ్యలు తక్కువొచ్చి, ఉన్నదానికంటే పెద్ద సైజనిపిస్తది. వల ఒక్క మూలే వెయ్యబాక, నాలుగు మూలలా, నడిమధ్యనా వేసి కలిపి లెక్కపెట్టు.

మగ్గం గుంత:
నూలుదీ అదే తీరు. పౌను నూలులో 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఎన్నుంటే అంత కౌంట్. 40 అంటే 33,600 గజాలు, 100 అంటే 84,000. అంకె పెరిగితే పోగు సన్నం. వెంకటగిరి నేతకు 100 కౌంట్ వాడేది ఆ సన్నదనం కోసమే.

ఇంగ్లిషు పలక:
మన 'లెక్క' కూడా ఇంగ్లిషు 'కౌంట్' లాంటిదే. 'దట్ డజంట్ కౌంట్' అంటే అది లెక్కలోకి రాదు. 'కౌంట్ మి ఇన్' అంటే నన్నూ కలుపుకోండి. 'కౌంట్ ఆన్ మి'లో మాత్రం లెక్క పనికిరాదు, నన్ను నమ్ముకో అని అర్థం. అకౌంట్, డిస్కౌంట్, డబ్బు లెక్కపెట్టే బల్ల కౌంటర్, అన్నీ ఈ మాట చుట్టాలే.

ఇందుకూరుపేట గుంట:
మరి బయటి దేశం వాళ్లకు మెయిల్‌లో ఏమని రాయాల?

ఇంగ్లిషు పలక:
'కౌంట్ ఇంక్రీజ్డ్' అని మాత్రం రాయొద్దు. సైజు పెరిగిందనుకునే వాళ్లుంటారు. తలతోనా, తల తీసా, కిలోకా, పౌనుకా అన్నది విడిగా చెప్పాలి: 'హెడ్ ఆన్, 40 పీసెస్ పర్ కేజీ, యావరేజ్ వెయిట్ 25 గ్రామ్స్.'