బరంపురం నడిబొడ్డున కడుతున్న పద్నాలుగు అంతస్తుల భవనం: పని నిజంగా ఎంతవరకు వచ్చిందో ఎలా తెలుసుకోవాలి?

ప్రశ్న: గాంధీనగర్ వాసి, బరంపురం

అందరికీ నమస్కారం. మా ఊళ్లో పాత బస్టాండుకు దగ్గరగా కడుతున్న పద్నాలుగు అంతస్తుల నివాస భవనంలో నేనూ, హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడూ కలిసి పదకొండో అంతస్తులో ఒక ఫ్లాటు తీసుకున్నాము. పునాదుల నాటి నుంచి ఆ కట్టడాన్ని గమనిస్తూనే ఉన్నాను. బజారుకు వెళ్లినప్పుడల్లా ఎదుటి రోడ్డు మీద నిలబడి ఫోటో తీసి తమ్ముడికి పంపడం అలవాటైపోయింది.

వేసవిలో చకచకా లేచి తొమ్మిదో స్లాబు దాకా వచ్చిన భవనం, వానలు మొదలైన దగ్గర నుంచి అక్కడే నిలిచిపోయింది. పైన కాలమ్ రాడ్లు ఎర్రబడుతున్నాయి. కింది అంతస్తుల్లో మాత్రం గోడలు కడుతున్నారు. ఇంతలో పదో స్లాబు వాయిదా చెల్లించమని బిల్డరు నుంచి లేఖ వచ్చింది. సైటు ఆఫీసులో అడిగితే వానల వల్ల పని సాగడం లేదనీ, కూలీలు సూరత్ వెళ్లిపోయారనీ అంటున్నారు. ఈ ఆగుదల సహజమైనదేనా? బయటి నుంచి చూసేవాడు ఏయే విషయాలు గమనిస్తే పని అసలు స్థితి తెలుస్తుంది? పడని స్లాబుకు డబ్బు కట్టవలసిన బాధ్యత మాకు ఉన్నదా? అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

జవాబు: స్ట్రక్చరల్ ఇంజనీరు, ఛత్రపురం

గాంధీనగర్ వాసి గారికి నమస్కారం. మీరు దిగులు పడుతున్న విషయం ఒకటి, దిగులు పడవలసిన విషయం మరొకటి అని నాకు అనిపిస్తోంది. భవనం ఎంత ఎత్తు లేచిందన్నది పనికి సరైన కొలత కాదు. మన దగ్గర చాలా ఒప్పందాల్లో వాయిదాలన్నీ స్లాబులకే ముడిపెట్టి ఉంటాయి. గోడలు, ప్లంబింగు, కరెంటు పని, లిఫ్టులు వచ్చే సరికి కొనుగోలుదారు దాదాపు మొత్తం చెల్లించేసి ఉంటాడు. అందువల్ల స్లాబుల మీద స్లాబులు వేసుకుంటూ పోయి, కింద గోడ కూడా కట్టకుండా వదిలేసిన అస్థిపంజరాలే నిజంగా భయపెట్టేవి. మీ భవనంలో పైన ఆగినా కింద గోడలు లేస్తున్నాయంటే అది మంచి సూచనే.

ఇక వానల సంగతి. వాన వల్ల స్లాబు వేసే రోజు వాయిదా పడుతుంది, టార్పాలిన్లు కప్పుకోవలసి వస్తుంది, అంతే గాని వానాకాలం మొత్తం పని ఆగదు. ప్లైవుడ్ సెంట్రింగుతో ఒక్కో స్లాబుకు సాధారణంగా రెండు మూడు వారాలు, అల్యూమినియం ఫార్మ్‌వర్కుతో (అచ్చులతో) వారం పది రోజులు పడుతుంది. మన గంజాం జిల్లా కూలీలు సూరత్ మగ్గాలకు వెళ్లడం వాస్తవమే గాని, ఎత్తైన కట్టడాల్లో సెంట్రింగు, ఇనుప పని ముఠాలు చాలావరకు బయటి ఊళ్ల నుంచే వస్తాయి. కాబట్టి ఆ కారణాన్ని పూర్తిగా నమ్మకండి. ముఠా వెళ్లిపోయిందా, కాంట్రాక్టరుకు బిల్లు అందలేదా, ఏదైనా అనుమతి ఆగిందా అని విడివిడిగా అడగండి.

రోడ్డు మీద నుంచే మీరు చూడగలిగినవి కొన్ని ఉన్నాయి. అన్నిటికంటే పై స్లాబు కింద, దాన్ని మోసే ఇనుప జాకీలు ఎన్నాళ్లు ఉంచారో చూడండి. కాంక్రీటు కట్టడాలకు మన దేశపు ప్రమాణ కోడ్ ఐ.ఎస్. 456:2000 ప్రకారం ఆధారాల మధ్య దూరం నాలుగున్నర మీటర్ల వరకు ఉన్న స్లాబుల కింద జాకీలు కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉండాలి; ఆరు మీటర్లు దాటిన బీములకు 21 రోజులు. ఇవి మామూలు సిమెంటుకు చెప్పిన గడువులు. మన ప్రాంతపు సైట్లలో ఎక్కువగా కనిపించే స్లాగు (ఇనుప కొలిమి చిట్టెం), ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) కలిసిన సిమెంటుకు ఇంకా ఎక్కువ కాలం ఉంచవలసి రావచ్చు. బహుళ అంతస్తుల కట్టడంలో కొత్త స్లాబు బరువు దాని కింది స్లాబు మీద పడుతుంది కనుక, ఆ కింది అంతస్తులో కూడా జాకీలు ఉండాలి. తొందరపడి విప్పేసిన చోట పగుళ్లు వెంటనే కనిపించవు, వంపు మాత్రం నెమ్మదిగా తేలుతుంది. కాలమ్‌లకు తడి గోనెపట్టాలు చుట్టి ఉన్నాయో లేదో కూడా చూడండి. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, అలా స్లాగు, ఫ్లైయాష్ కలిపిన సిమెంటుకు 10 రోజులు నీళ్లు పట్టాలని అదే కోడ్ చెబుతుంది. వాన పడుతోంది కదా అని ఈ పని మానేసిన సైట్లు ఉన్నాయి. వాన నీరు స్లాబు పైన నిలుస్తుంది గాని నిలువు కాలమ్ ముఖాలకు అది చాలదు.

ఎర్రబడిన రాడ్ల విషయం తేలికగా తీసుకోకండి. గోపాలపూర్ సముద్రం మనకు ఎంతో దూరం లేదు, ఉప్పుగాలి ఎప్పుడూ ఉండేదే. పైపైన పట్టిన పలచని తుప్పు ప్రమాదం కాదు. చేత్తో రుద్దితే పొరలుగా రాలే తుప్పు ఉంటే మాత్రం పని మళ్లీ మొదలు పెట్టే ముందు ఇనుప తీగల బ్రష్షుతో శుభ్రం చేసి, రాడ్డు మందం తగ్గిందో లేదో కొలవాలి. పని ఆగినప్పుడు బాధ్యత గల కాంట్రాక్టరు ఆ రాడ్లకు సిమెంటు పాలు పూయిస్తాడు. మీ ఫోటోల్లో రాడ్లు బూడిదరంగులో ఉన్నాయా, ఎర్రగానే ఉన్నాయా అన్నది చూసుకుంటే, ఆ సైటులో పట్టించుకునేవాడు ఉన్నాడో లేడో తెలిసిపోతుంది.

జవాబు: న్యాయవాది, పర్లాకిమిడి

ఇంజనీరు గారు నిర్మాణం గురించి చెప్పారు. నేను కాగితాల సంగతి చెబుతాను. 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం 11వ సెక్షన్ ప్రకారం బిల్డరు తన ప్రాజెక్టు స్థితిని ప్రతి మూడు నెలలకూ ఒడిశా రెరా (ఆ చట్టం కింద ఏర్పడిన రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) వెబ్‌సైటులో నమోదు చేయాలి. ఎన్ని ఫ్లాట్లు అమ్ముడయ్యాయి, ఏ అనుమతులు వచ్చాయి, ఏవి రావాలి అన్నవి అందులో ఉంటాయి. దశలవారీగా ఏ పని ఎప్పటికి పూర్తవుతుందో తెలుసుకునే హక్కు 19వ సెక్షన్ కింద మీకు ఉన్నది. కొనుగోలుదారుల నుంచి వసూలైన సొమ్ములో 70 శాతాన్ని ప్రత్యేక ఖాతాలో ఉంచి, స్థలానికీ నిర్మాణానికీ మాత్రమే వాడాలి. ఇంజనీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంటు ముగ్గురూ ధ్రువీకరించిన తరువాతే, అయిన పని మేరకు దాన్ని తీయాలి. ఆ ధ్రువపత్రాల నకలు చూపించమని రాతపూర్వకంగా అడగండి.

వాయిదా విషయంలో మీ అమ్మకపు ఒప్పందంలో ఏ మాటలు ఉన్నాయో అక్షరం అక్షరం చదవండి. "స్లాబు వేసిన తరువాత" అని ఉంటే, వేయని స్లాబుకు వాయిదా ఇంకా చెల్లించవలసిన స్థితికి రాలేదు. "పని ప్రారంభించినప్పుడు" అని ఉంటే వాదన వేరుగా ఉంటుంది. ఏ పరిస్థితిలోనూ లేఖకు జవాబివ్వకుండా ఊరుకోకండి, ఎందుకంటే ఈ చట్టం ప్రకారం బిల్డరు ఆలస్యానికి మీకు ఇవ్వవలసిన వడ్డీ రేటూ, చెల్లింపు ఆలస్యమైతే మీరు ఇవ్వవలసిన వడ్డీ రేటూ ఒకటే. ఫోటోలు జతచేసి, పదో స్లాబు ఇంకా పడలేదు గనుక పడిన వెంటనే చెల్లిస్తామని స్పీడ్ పోస్టులో రాయండి. తమ్ముడుగారికి మీరు పంపిన ఫోటోల తేదీలు చెరిగిపోకుండా అసలు ఫైళ్లుగా దాచుకోండి, రేపు అవసరం పడవచ్చు.

ప్రశ్న అడిగినవారు

మీ ఇద్దరికీ ఎంతో కృతజ్ఞుడిని. ఒప్పందం తీసి చదివాను: "పదో స్లాబు పూర్తయిన మీదట" అనే ఉన్నది. రెరా వెబ్‌సైటులోని గత త్రైమాసిక నివేదికలో పదో స్లాబు పని జరుగుతోందని రాశారు గాని, అక్కడ సెంట్రింగు చెక్క ఒక్కటి కూడా లేదు. కాలమ్ రాడ్లు నిన్న వెళ్లి దగ్గరగా చూశాను. సిమెంటు పాలు పూసిన ఆనవాలు లేదు. మేము బ్యాంకు రుణం తీసుకున్నాము, మా వాయిదాలు నేరుగా బ్యాంకు నుంచే వెళ్తాయి. బ్యాంకు వారు ఏదైనా చూస్తారా, లేక బిల్డరు అడిగినంత ఇచ్చేస్తారా?

జవాబు: విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, రాయగడ

నిర్మాణంలో ఉన్న ఇంటికి రుణం పని దశలకు తగినట్టుగానే విడుదల చేయాలని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు స్పష్టంగా చెప్పింది. సాధారణంగా ప్రతి విడుదలకు ముందు బ్యాంకు ఇంజనీరో వాల్యూయరో (విలువ కట్టే నిపుణుడో) సైటు చూసి దశ ఏదో రాస్తారు. మీరు బిల్డరు లేఖను శాఖకు అందజేసేటప్పుడే పదో స్లాబు పడలేదని రాసి, తనిఖీ అయిన తరువాతే సొమ్ము ఇవ్వమని కోరండి. ఆ డబ్బు వెళ్లిన రోజు నుంచి వడ్డీ మీ మీద పడుతుంది కాబట్టి ఇందులో మొహమాటం అక్కరలేదు.

జవాబు: స్ట్రక్చరల్ ఇంజనీరు, ఛత్రపురం

రాడ్లకు పూత లేదన్నారు కనుక ఒక మాట. ఒక్కరే వెళ్లకుండా నలుగురైదుగురు కొనుగోలుదారులు కలిసి సైటు ఇంజనీరును కలవండి. తొమ్మిది స్లాబుల క్యూబు పరీక్షల (కాంక్రీటు దిమ్మల బలం చూసే పరీక్షల) 28 రోజుల ఫలితాలు చూపమనండి. స్లాబు వేసిన తేదీలతో అవి సరిపోలాలి. తేదీలు లేని కాగితాలను లెక్కలోకి తీసుకోకండి. తీరగాలికి బయటపడి ఉండే కాంక్రీటుకు కోడ్ 45 మిల్లీమీటర్ల కవర్, అంటే రాడ్డును కప్పే కాంక్రీటు మందం, అడుగుతుంది. డ్రాయింగులో ఎంత ఇచ్చారో, కవర్ బిళ్లలు ఎంత మందంవి వాడారో అడగండి.

మరొకటి, ఆశ్వయుజం దగ్గరికి వస్తోంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటిన రాత్రి మన ఊళ్లవారికి గుర్తుండే ఉంటుంది. పని ఆగిన సైటులో టవర్ క్రేన్ చేతిని బిగించి వదిలేస్తే ప్రమాదం. గాలివాటుకు దానంతట అది తిరిగేలా వదలాలి. పరంజాకు కట్టిన వలలు తుఫాను హెచ్చరిక రాగానే విప్పాలి. అంచులకు ఇంకా ఆధారం దొరకని కొత్త బ్లాకు గోడలను దన్ను పెట్టి నిలబెట్టాలి. ఈ మూడింటికీ బాధ్యులు ఎవరో, ముఠా ఊళ్లో లేనప్పుడు ఆ పని ఎవరు చేస్తారో, మీ లేఖలోనే అడిగి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.