టకయాసు ఉన్న చెల్లికి స్టెంట్ ముందా, స్టెరాయిడ్ ముందా?

మలక్‌పేట రవి: చెల్లికి 31. మూడేళ్లుగా టకయాసు, అంటే మహాధమని, దాని కొమ్మల గోడలు వాచే జబ్బు. ఎడమ చేతికి పల్స్ దొరకదు. పోయిన నెల మెట్లెక్కుతుంటే ఛాతీ పట్టేసింది. యాంజియోలో ఎడమ కరోనరీ, అంటే గుండెకు రక్తం తెచ్చే నాళం, మొదట్లోనే సన్నబడిందట. కార్డియాలజిస్టు స్టెంట్ అంటారు, రుమటాలజిస్టు ముందు స్టెరాయిడ్‌తో వాపు తగ్గాలంటారు. ఎవరి మాట వినాలి?

చిక్కడపల్లి బాబాయ్: 31కే బ్లాకా! అర్ధరాత్రి బిర్యానీలు తింటే రాక ఏమవుతుంది?

పీజీ కుర్రాడు: బాబాయ్ గారూ, ఇది కొవ్వు బ్లాక్ కాదు. మహాధమని వాపు కరోనరీ మూతిదాకా పాకుతుంది. వాపు ఉండగా స్టెంట్ వేస్తే మళ్లీ పూడుకునే రిస్క్ ఎక్కువ. అలాగని, కూర్చున్నా నొప్పి వస్తుంటే ఆగకూడదు.

చిక్కడపల్లి బాబాయ్: నాకు 2014లో వేశారు. ఇందిరా పార్కులో రోజూ నాలుగు రౌండ్లు కొడుతున్నా. పిల్లల్ని భయపెట్టకండి.

పద్మ, ఎల్బీనగర్: మీ జబ్బు వేరండీ. టకయాసు నాకుంది. మా వీధి క్లినిక్‌లో రెండేళ్లు ఎడమ చేతికే బీపీ చూసి నార్మల్ అన్నారు. ఆ చేతి రక్తనాళమే మూసుకుపోయిందని తర్వాత తేలింది! కుడి చేతికి 180.

మలక్‌పేట రవి: బీపీ సంగతి కాదండీ. ఈఎస్ఆర్, అదే వాపు చూసే రక్తపరీక్ష, 14 వచ్చింది. వాపు లేనట్టేగా?

పీజీ కుర్రాడు: ఈఎస్ఆర్ నార్మల్‌గా ఉన్నా లోపల జబ్బు నడుస్తూ ఉండొచ్చు. అందుకే స్కాన్లు కూడా చూస్తారు. బైపాస్ మాట వస్తే ఆ ఎడమ చేతి సంగతి తప్పక అడగండి. బైపాస్‌కి మామూలుగా వాడే ఛాతీ లోపలి నాళం ఆ చేతికి వెళ్లే నాళం నుంచే వస్తుంది.

మలక్‌పేట రవి: నేనడిగింది ఈఎస్ఆర్ గురించి. 14 అండీ, 14!

పద్మ, ఎల్బీనగర్: రవిగారూ, ఒకటి చెప్పండి. స్టెరాయిడ్ వేసుకుంటోందా?

మలక్‌పేట రవి: అది ఇక్కడ అనవసరం.

పద్మ, ఎల్బీనగర్: అదే అవసరం.

మలక్‌పేట రవి: మొహం ఉబ్బిపోయిందండీ! సంబంధాలు వస్తున్నాయి. ఐదు నెలల కింద అమ్మ ఆపించింది. డాక్టర్లకు వేసుకుంటోందనే చెప్పాం. మీకేం, రాసేస్తారు.

పద్మ, ఎల్బీనగర్: నా పెళ్లీ ఈ మొహంతోనే అయింది. ఇంతసేపూ మీ అమ్మగారి మాట, మీ మాట వచ్చాయి. మీ చెల్లి ఏమంటోంది?

పీజీ కుర్రాడు: రేపు పొద్దున్నే ఇద్దరు డాక్టర్లకూ ఈ ఐదు నెలల సంగతి చెప్పండి. మీ అంతట మీరు మళ్లీ మొదలుపెట్టొద్దు.

చిక్కడపల్లి బాబాయ్: అమ్మకి నేను ఫోన్ చేసి మాట్లాడనా బాబూ?

మలక్‌పేట రవి: వద్దండీ. చెల్లినే అడుగుతాను.