మొదటి బండిగా షోరూమ్ డెమో బైకు కొనవచ్చా?

కృష్ణలంక (ప్రశ్న అడిగినవారు)

అందరికీ నమస్కారం. నాకు 23 ఏళ్లు. అమ్మ స్కూటరు తప్ప గేర్ల బండి నడిపిన అనుభవం లేదు. లెర్నర్ లైసెన్సు వచ్చి పది రోజులయింది. ఉద్యోగం గుంటూరులో కాబట్టి రోజూ విజయవాడ నుంచి కృష్ణా నది మీది వారధి దాటి, మంగళగిరి మీదుగా రానూ పోనూ 70 కిలోమీటర్ల వరకు తిరగాలి.

బందరు రోడ్డులోని ఒక షోరూమ్‌లో 160 సీసీ డెమో బండి (కొనడానికి వచ్చినవారు నడిపి చూసేందుకు పెట్టినది) ఉంది. 2,400 కిలోమీటర్లు తిరిగింది. కొత్తది అన్నీ కలిపి 1,52,000 అవుతుందని, ఇది 1,28,000కే ఇస్తామని చెబుతున్నారు. చూడటానికి కొత్తదానిలాగే మెరుస్తోంది. నాన్నగారు మాత్రం ‘పదిమంది తొక్కిన బండి మనకెందుకు’ అంటున్నారు. 24,000 నాకు చిన్న మొత్తం కాదు. ఎల్లుండి అడ్వాన్సు ఇమ్మంటున్నారు. ఏం చేయమంటారు?

ఆటోనగర్ మెకానిక్

నాన్నగారి మాట వినండి. ఆయన పదిమంది అన్నారు, అసలు సంఖ్య చాలా పెద్దది. టెస్టు రైడుకు ఒక్కొక్కరు మూడు కిలోమీటర్లు తిప్పారనుకున్నా, 2,400 కిలోమీటర్లంటే 800 మంది చేతులు పడ్డట్టు. అందులో ఎవరూ ఆ బండిని తమదనుకుని నడపలేదు. ఇంజిన్ వేడెక్కక ముందే యాక్సిలరేటర్ తిప్పేసి, ఒకటి రెండు గేర్లలోనే లాగించి, బ్రేకు ఎలా పడుతుందో చూడటానికి గట్టిగా తొక్కి, సర్వీసు రోడ్డులో సగం క్లచ్ మీద యూ టర్న్ తిప్పి తెచ్చి ఇస్తారు. కొత్త ఇంజిన్‌ను మొదటి వెయ్యి కిలోమీటర్లు మెల్లగా నడపమని కంపెనీలు చెప్పేది ఎందుకో అనుకుంటున్నారా? లోపలి భాగాలు ఒకదానికొకటి ఒరుసుకుని కుదురుకునే సమయం అది. డెమో బండికి ఆ వెయ్యీ ఇలాగే గడిచిపోతాయి.

నా అసలు అభ్యంతరం ఇంకొకటుంది. నేర్చుకునేవాడికి బండి తప్పు ఏదో, తన తప్పు ఏదో తెలియదు. క్లచ్ అరిగిపోయి బండి లాగకపోతే ‘నాకే రావడం లేదు’ అనుకుంటాడు. చేయి అలవాటయ్యే దాకా బండి నిక్కచ్చిగా ఉండాలి.

బ్రాడీపేట అక్క

మెకానిక్ గారి అనుభవం మీద గౌరవం ఉంది, కానీ ఈ మాట ఒప్పుకోలేను. నేను కొన్న మొదటి బండి డెమో బండే. రెండేళ్లయింది, 21,000 కిలోమీటర్లు తిరిగాను. టైర్లు, చెయిన్ స్ప్రాకెట్ తప్ప ఏమీ మార్చలేదు.

తమ్ముడూ, నేర్చుకునేటప్పుడు ప్రతి ఒక్కరూ బండిని పడేస్తారు. నేను మూడో రోజున శంకర్ విలాస్ దగ్గర వాహనాల మధ్య ఆగి, కాలు ఆనించబోతే నేల అందలేదు. బండి ఎడమ పక్కకు ఒరిగిపోయింది. లేపడానికి ఇద్దరు రావలసి వచ్చింది. ఫుట్‌రెస్ట్ చివర గీరుకుపోయింది. అదే లక్షన్నర పెట్టి కొన్న కొత్త బండి అయితే, నేను మళ్లీ వారం రోజులు తీసేదాన్ని కాదు. అప్పటికే రెండు గీతలున్న బండి కాబట్టి మర్నాడే ఎక్కాను. ధైర్యం పోకుండా ఉండటం కూడా నేర్చుకోవడంలో భాగమే.

ఇంకో సంగతి. మొదటి వెయ్యి కిలోమీటర్లు జాగ్రత్తగా నడపాలన్నారు. కొత్తగా నేర్చుకునేవాడు అలా నడపగలడా? అతను కూడా సగం క్లచ్ మీదే లాగుతాడు, సిగ్నల్ దగ్గర నాలుగుసార్లు ఆపేస్తాడు.

లెక్కల మాస్టారు

బండి మంచిచెడ్డలు నాకు తెలియవు. ధర గురించి చెబుతాను.

ఆ 1,52,000 ఎప్పటి ధర? 350 సీసీ వరకు ఉన్న బైకుల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పన్నుకు ముందు లక్ష రూపాయలున్న బండి అంతకుముందు 1,28,000 అయితే, ఇప్పుడు 1,18,000. పాత ధరల కాగితం చూపించి ‘24,000 తక్కువ’ అంటే అందులో పది వేల పైచిలుకు షోరూమ్ ఇచ్చే తగ్గింపు కాదు, ప్రభుత్వం ఇప్పటికే అందరికీ ఇచ్చినది. ఈ రోజు తేదీతో కొత్త బండికి కొటేషన్ రాయించుకోండి.

రెండవది, ఆర్‌సీ ఎవరి పేరు మీద ఉంది? షోరూమ్ తన పేరు మీద రిజిస్టరు చేయించుకుని ఉంటే మీరు రెండో ఓనరు. ఫారం 29, 30 పెట్టి పేరు మార్చుకోవాలి. బీమాను మీ పేరు మీదకు మార్చుకోవడానికి కూడా 14 రోజుల్లోగా దరఖాస్తు చేయాలని మోటారు వాహనాల చట్టం 157వ సెక్షన్ చెబుతోంది. ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా మిగిలి ఉంటుంది గానీ, సొంత నష్టానికి ఇచ్చే బీమా తేదీ విడిగా చూసుకోవాలి. బండి మీద చలాన్లు ఉన్నాయేమో కూడా చూడండి. రేపు మీరు అమ్మబోతే కొనేవాడు మూడో ఓనరు అవుతాడు, ధర అక్కడ మళ్లీ తగ్గుతుంది. అప్పు తీసుకుంటుంటే పాత బండికి వడ్డీ ఎంతో బ్యాంకులో అడగండి, సాధారణంగా కొత్తదాని కంటే ఎక్కువ ఉంటుంది.

కృష్ణలంక

మాస్టారూ, మీరు చెప్పినట్లే ఈ రోజు కొటేషన్ అడిగాను. కొత్తది 1,40,500. అంటే తేడా 12,500 మాత్రమే. ఆర్‌సీ షోరూమ్ పేరు మీదే ఉంది, 2025 మార్చిలో రిజిస్టరు అయింది. మొన్న ఈ రెండూ వాళ్లు చెప్పలేదు. మనసుకు కష్టంగా అనిపించింది. అయినా బండి మీద ఆశ పోలేదు. ధర తగ్గిస్తే తీసుకోవచ్చా? చూడటానికి వెళితే ఏమేం చూడాలి?

ఆటోనగర్ మెకానిక్

బండి తెలిసినవారిని ఒకరిని తీసుకెళ్లండి. పొద్దున్నే, వాళ్లు స్టార్టు చేయక ముందే వెళ్లి ఇంజిన్ మీద చేయి పెట్టండి. చల్లగా ఉండాలి.

తరువాత హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకు, కుడికి తిప్పండి. ట్యాంకు ముందు, ఫ్రేము మెడ దగ్గర చిన్న ఇనుప బొడిపె ఉంటుంది. హ్యాండిల్ వచ్చి దానికి తగిలి ఆగుతుంది. బండి గట్టిగా పడితే ఆ బొడిపె మీద రంగు లేచి సొట్ట పడుతుంది. లివర్లు మారుస్తారు, ట్యాంకుకు రంగు వేస్తారు, కొత్త గార్డు బిగిస్తారు. ఆ బొడిపె జోలికి ఎవరూ పోరు. పాత బండి చూసేటప్పుడు నేను ముందు అక్కడే వేలు పెడతాను.

ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కుల గొట్టాల మీద నూనె తడి ఉండకూడదు. క్లచ్ సంగతి మీరు తేల్చలేరు, వెంట వచ్చినవారు నాలుగో గేరులో 40 మీద వెళుతూ ఒక్కసారి యాక్సిలరేటర్ తిప్పాలి. ఇంజిన్ మోత పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్లు అరిగిపోయినట్లే. వారంటీ ఏ తేదీ నుంచి లెక్కో కాగితం మీద రాయించుకోండి.

కృష్ణలంక

ఈ పొద్దున బాబాయితో వెళ్లి వచ్చాను. బొడిపె శుభ్రంగా ఉంది, రంగు కూడా లేవలేదు. ఫోర్కులు పొడిగా ఉన్నాయి. క్లచ్ లివరు దాదాపు పూర్తిగా వదిలాక గానీ బండి కదలలేదు. నాలుగో గేరులో కొంచెం జారినట్లుందని బాబాయి అన్నారు. క్లచ్ ప్లేట్లు కొత్తవి వేసి, వారంటీ తేదీ రాసిచ్చి, 1,15,000కు ఇస్తే ఇప్పుడే తీసుకుంటామని చెప్పాం. ధర దగ్గర ఒప్పుకున్నారు. ప్లేట్లు కూడా వేస్తామన్నారు. వారంటీ మాత్రం ‘మాది మేం చూసుకుంటాం, కాగితం ఎందుకు’ అన్నారు. అడ్వాన్సు ఇవ్వకుండా వచ్చేశాను.

ఆటోనగర్ మెకానిక్

మంచి పని చేశారు. లివరు ఆలస్యంగా పట్టడం కేబుల్ బిగింపు వల్ల కూడా కావచ్చు, జారడం మాత్రం కేబుల్‌తో పోయేది కాకపోవచ్చు.

బ్రాడీపేట అక్క

వదిలేసి రావడం సరైనదే తమ్ముడూ. కానీ రాసివ్వకపోవడం ఆ షోరూమ్ తప్పు, డెమో బండి తప్పు కాదు. నాకు అమ్మినవాళ్లు వారంటీ తేదీ బిల్లు మీదే రాసి, ముద్ర వేసి ఇచ్చారు. గుంటూరులో ఇంకో రెండు చోట్ల అదే మోడల్ డెమో బండ్లు ఉన్నాయేమో కనుక్కుంటాను. ఈలోగా మా వీధి చివరి ఖాళీ స్థలంలో నా బండి మీద క్లచ్ వదలడం నేర్చుకో. ఆదివారం ఆరున్నరకు వస్తే నేను ఉంటాను, హెల్మెట్ తెచ్చుకో.