బైపాస్ తర్వాత నాన్నకు లయ తప్పిన గుండె, ఐఎన్‌ఆర్ టెన్షన్: ఏం చేయాలి?

ప్రశ్న

నాన్నకు 64 ఏళ్లు. బైపాస్ అయి నెల కావస్తోంది. ఆపరేషన్ అయిన మూడో రోజు ఐసీయూలో ఉన్నట్టుండి గుండె లయ తప్పింది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అన్నారు, మందు ఎక్కించాక సర్దుకుంది. ఇంటికి పంపేటప్పుడు అమియోడరోన్ 200 (లయ సరిచేసేది), మెటోప్రోలాల్ (గుండె వేగం తగ్గించేది), ఎసిట్రోమ్ 2 (రక్తం గడ్డకట్టకుండా చూసేది), ఎకోస్ప్రిన్ 75 (ఆస్పిరిన్), అటోర్వాస్టాటిన్ (కొలెస్ట్రాల్‌కు) రాశారు. ఇప్పుడు దడ లేదు. కానీ రెండు వారాల కింద 2.2 ఉన్న ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే పరీక్ష అంకె, పెరిగితే రక్తస్రావం భయం) నిన్న 3.8 వచ్చింది. మాత్ర మార్చలేదు. అమ్మయితే ఆకుకూరను గుమ్మం కూడా తొక్కనివ్వడం లేదు. పైగా భుజం నొప్పంటే ఊళ్లో ఆర్ఎంపీ గారు సూది వేస్తానంటున్నారట. నేను బెంగళూరులో ఉంటాను. అమ్మకు ఫోన్‌లో ఏం చెప్పమంటారు? దడ తగ్గింది కదా, అమియోడరోన్ ఆపేయొచ్చా?

జవాబు (గుండె ఆపరేషన్ల వార్డులో స్టాఫ్ నర్సును)

ముందు సూది సంగతి. వద్దని ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి. ఎసిట్రోమ్ వాడే మనిషికి కండలో సూది వేస్తే లోపలే రక్తం కారి ఆ చోటు కమిలి ఉబ్బిపోవచ్చు. ఆ సూది మందు చాలాసార్లు డైక్లోఫెనాక్ అనే నొప్పి మందే అయి ఉంటుంది. ఎసిట్రోమ్, ఎకోస్ప్రిన్ రెండూ నడుస్తుండగా అది తోడైతే కడుపులో రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది. ఐఎన్‌ఆర్ 3.8 ఉన్నప్పుడు అసలే కూడదు. రొమ్ము ఎముక కోసి అతికాక భుజాలు, వీపు పట్టేయడం మామూలే. అయినా నడిస్తే ఎక్కువయ్యే నొప్పో, చెమటతో వచ్చే నొప్పో అయితే అది భుజానిది కాకపోవచ్చు, సర్జన్‌కు చెప్పాలి. పారాసిటమాల్ ఎంత వేసుకోవచ్చో కూడా వాళ్లనే అడగండి. రోజూ ఎక్కువ మోతాదులో వాడితే అది కూడా ఐఎన్‌ఆర్ పెంచుతుంది.

ఇక మాత్ర మార్చకుండానే ఐఎన్‌ఆర్ ఎందుకు పెరిగిందంటే, అనుమానించాల్సిన మొదటి పేరు అమియోడరోన్. ఎసిట్రోమ్‌ను కాలేయం విరిచి బయటికి పంపాలి. అమియోడరోన్ ఆ పనికి అడ్డుపడుతుంది. అదీ ఒక్క రోజులో కాదు, వారాల మీద మెల్లగా. అందుకే డిశ్చార్జి నాడు సరిపోయిన ఎసిట్రోమ్ ఇప్పుడు ఎక్కువైపోతుంది. మీరు పాటించలేదనో, అమ్మ వంట తేడా చేసిందనో ముందే తీర్మానించుకోకండి. ఈ రోజే డాక్టరుకు ఫోన్ చేసి 3.8 అంకె, మొత్తం మందుల పేర్లు చదివి వినిపించండి. ఒక పూట ఆపాలా, మోతాదు తగ్గించాలా, మళ్లీ ఎన్నాళ్లకు పరీక్ష చేయించాలో వాళ్లు చెప్తారు. మీరుగా సగం మాత్ర చేయొద్దు.

అమియోడరోన్ కూడా మీరుగా ఆపొద్దు. బైపాస్ అయినవాళ్లలో సుమారు ముగ్గురిలో ఒకరికి ఇలా లయ తప్పుతుంది, ఎక్కువగా రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు. చాలామందికి ఆరు నుంచి ఎనిమిది వారాల్లో సర్దుకుంటుంది. అప్పుడు ఈసీజీ చూసి డాక్టరే ఆపేస్తారు. రివ్యూలో తప్పకుండా అడగాల్సిన మాట: 'ఇందులో ఏది ఎప్పటిదాకా?' డిశ్చార్జి కాగితంలో ఆ తేదీ చాలాసార్లు ఉండదు, అమియోడరోన్ అలా నెలల తరబడి నడిచిపోతుంది. నడపాల్సి వస్తే థైరాయిడ్, లివర్ పరీక్షలు ఆరు నెలలకోసారి చేయించాలి. పొడి దగ్గు, ఆయాసం మొదలైతే వెంటనే చెప్పాలి.

ఇంకో మెలిక ఉంది. ఆపాక కూడా అమియోడరోన్ ఒంట్లో వారాలు, నెలలు ఉండిపోతుంది. అది తరిగేకొద్దీ ఐఎన్‌ఆర్ పడిపోతూ వస్తుంది. కాబట్టి ఆపిన తర్వాత కూడా కొంతకాలం దగ్గర దగ్గరగా పరీక్షలు ఉండాల్సిందే. మెటోప్రోలాల్‌ను మాత్రం ఒక్కసారిగా ఎప్పుడూ మానకూడదు, గుండె వేగం ఒక్కసారిగా పెరిగిపోవచ్చు.

జవాబు (వాల్వ్ మార్పించుకున్నవాణ్ణి)

ఆకుకూర గురించి అమ్మగారికి చెప్పండి, మానడం తప్పు. పాలకూరలో, తోటకూరలో, గోంగూరలో, మునగాకులో విటమిన్ కె ఉంటుంది, ఎసిట్రోమ్ పని దానికి ఎదురు. బొత్తిగా మానేసినవాళ్లకు ఐఎన్‌ఆర్ పెరుగుతుంది, ఒక్క పెళ్లి భోజనంలో గోంగూర పట్టు పట్టినవాళ్లకు తగ్గుతుంది. మా ఇంట్లో వారానికి రెండు పూటలు, ఒకే గిన్నె కొలత. ఎసిట్రోమ్ మోతాదును దానికి తగ్గట్టు సర్దారు.

ఒక నోటుబుక్కు పెట్టండి. తేదీ, ఐఎన్‌ఆర్, ఎసిట్రోమ్ ఎన్ని మిల్లీగ్రాములు, కొత్తగా ఏ మందు వేశారు. ఈ చివరి గడి ముఖ్యం. మెట్రోనిడజోల్, సిప్రోఫ్లాక్సాసిన్, ఫ్లూకోనజోల్ లాంటి ఇన్ఫెక్షన్ మందులు వేసుకుంటే అంకె ఎగబాకుతుంది. కాబట్టి విరేచనాలకని మెడికల్ షాపులో అడిగి మాత్రలు తేవడం మానాలి. పన్ను పీకించుకోవాల్సి వచ్చినా ముందు చెప్పాలి.

నాన్నగారికి వాల్వ్ మార్చలేదు కాబట్టి మా అంకెలతో పోల్చుకోకండి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కు సాధారణంగా 2 నుంచి 3 చూస్తారు. మైట్రల్ చోట లోహపు వాల్వ్ ఉన్నవాళ్లకు అంతకన్నా ఎక్కువ కావాలి. 'పరీక్షలు అక్కర్లేని కొత్త మాత్ర ఉందట' అని మాకెవరైనా అంటే వినకూడదు, లోహపు వాల్వుకు అవి పనికిరావు. మీ నాన్నగారి విషయంలో మాత్రం అది డాక్టర్ని అడగదగ్గ ప్రశ్నే.

ప్రశ్న వేసినవారు

చాలా థాంక్స్ అండీ. డాక్టరుతో మాట్లాడాను, ఎసిట్రోమ్ తగ్గించి నాలుగో రోజు పరీక్ష చేయించమన్నారు. సూది వద్దని అమ్మకు చెప్పేశాను. ఇంకో రెండు సందేహాలు: దడ మళ్లీ వచ్చిందని ఇంట్లో ఎలా తెలుస్తుంది? మాత్ర మరిచిపోతే?

జవాబు (స్టాఫ్ నర్సు)

మణికట్టు దగ్గర బొటనవేలి వైపు రెండు వేళ్లు పెట్టి, గడియారం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టమనండి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేస్తే లయ తప్పినప్పుడు లెక్క తప్పొస్తుంది. ఒకటి దగ్గరగా, ఒకటి దూరంగా, తీరూ తెన్నూ లేకుండా కొట్టుకుంటుంటే రాసిపెట్టి ఈసీజీకి తీసుకెళ్లాలి. అలాంటప్పుడు వేలికి పెట్టే మిషను, బీపీ మిషను చూపే అంకెలు గెంతుతుంటాయి. బీపీ మూడుసార్లు చూసి సగటు తీయండి. విశ్రాంతిగా ఉన్నా నాడి నిమిషానికి 110 దాటి అలాగే ఉంటే అదే రోజు ఫోన్ చేయాలి. కళ్లు తిరిగి పడిపోవడం, ఛాతీ నొప్పి, ఆయాసం, మూతి వంకర పోవడం, మాట తడబడడం, తలకు దెబ్బ తగలడం, నల్లటి విరేచనం: వీటిలో ఏది కనబడినా ఆగకుండా 108.

ఎసిట్రోమ్ సాయంత్రం మరిచిపోయి ఆ రాత్రే గుర్తొస్తే వేసుకోవచ్చు. మర్నాడు గుర్తొస్తే వదిలేయండి, రెండూ కలిపి వేయకూడదు. మరిచిన రోజును నోటుబుక్కులో రాయండి. మిగతా మందులతో కలిసిపోకుండా ఎసిట్రోమ్‌ను వేరే డబ్బాలో పెట్టమనండి. పాత మోతాదు స్ట్రిప్పు ఇంట్లో మిగిలి ఉంటే తీసేయించండి. కొత్తది, పాతది కలిపి వేసుకున్న కేసులు మా వార్డుకు వస్తూనే ఉంటాయి.