ప్లేన్‌స్కేప్ టార్మెంట్ మళ్లీ ఆడుతున్నవాళ్లు ఉన్నారా?

పాతసీడీ
1999లో వచ్చిన ఈ కంప్యూటర్ గేమ్‌ని హాస్టల్లో ఉన్నప్పుడు సగంలో వదిలేశాను. హీరో బలం మీదే పాయింట్లన్నీ పోసి, ఎదురొచ్చినవాడినల్లా కొట్టుకుంటూ పోయాను. ఇందులో ఫైటింగ్ ఏమంత బాగుండదు, విసుగొచ్చేసింది. మొన్న సంక్రాంతి సెలవుల్లో మళ్లీ మొదలుపెట్టి ఈసారి విజ్‌డమ్, ఇంటెలిజెన్స్ పెంచాను. హీరో కళ్లు తెరిచే అదే శవాగారం, అదే రాతిబల్ల, పేరు కూడా గుర్తులేని అదే హీరో. కానీ ఆట మాత్రం వేరేలా ఉంది! డియోనారా ఆత్మ దగ్గరే పావుగంట ఆగిపోయాను. అప్పట్లో ఆమె మాటలు చదవకుండానే క్లిక్ చేసేశాను. మీ అనుభవాలు చెప్పండి. చివర ఏమవుతుందో మాత్రం బయటపెట్టొద్దు.

గోదారిగట్టు
విజ్‌డమ్ పెంచి మంచి పని చేశావన్నా. అది ఎక్కువుంటే పాత జ్ఞాపకాలు ఎక్కువ తిరిగొస్తాయి, ఎక్స్‌పీరియన్స్ పాయింట్లూ ఎక్కువ పడతాయి. తర్వాత రాగ్‌పికర్స్ స్క్వేర్‌లో మెబెత్ అనే ముసలి మంత్రసాని ఉంటుంది, మంత్రవిద్య నేర్పమని అడుగు. ముందు మొక్క తెమ్మంటుంది, గుడ్డలు ఉతికించుకు రమ్మంటుంది, సిరా పట్టుకురమ్మంటుంది. విసుక్కోకుండా చెయ్యి. ఆ పనుల వెనక ఆమె చూసేది వేరే ఉంది.
హీరో వెంట నడిచే డాకన్ దగ్గరున్న జెర్థిమాన్ చక్రం అస్సలు వదలొద్దు. ఒక్కో వలయం విప్పి, అందులోని కథలో నీకు అర్థమైంది అతనికి చెప్పాలి. గురువుగారికి పాఠం అప్పజెప్పినట్టే ఉంటుంది. కొంత దూరం పోయాక ఎవరు ఎవరికి నేర్పుతున్నారో చూసి నాకు గుండె బరువెక్కింది.

వరంగల్‌పోరి
నేను తెలుగు మీడియం. మొదటిసారి డిక్షనరీ పక్కన పెట్టుకుని ఆడాను. దాదాపు 8 లక్షల పదాలున్న గేమ్ అంటారు మరి. గేమ్‌లోని సిగిల్ ఊళ్లో జనం 'బెర్క్' (వెర్రివాడు), 'కట్టర్' (గట్టివాడు) అని పిలుచుకుంటుంటే నా డిక్షనరీలో ఎంత వెతికినా ఆ అర్థాలు దొరకలేదు. అవి చాలావరకు ఇంగ్లండ్ పాత దొంగల యాసలోంచి తీసుకున్న మాటలని తర్వాత తెలిసింది. ఇప్పుడు ఫోన్‌లో ఆడుతుంటే అన్నా, హీరో వెంట తిరిగే మాట్లాడే పుర్రె మోర్ట్‌తో పోట్లాడే మాటలు ఒక్కటీ వదలకుండా అర్థమవుతున్నాయి. ఆ సంతోషం వేరు.

రాత్రిబండి
పాత సీడీలతో కుస్తీ పట్టకండి. 2017లో వచ్చిన ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్‌లో అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు, ట్యాబ్ నొక్కితే ముట్టుకోదగ్గ వస్తువులన్నీ వెలుగుతాయి. ఒక్క సంగతి, కర్స్ట్ ఊరి నుంచి పోట్లాటలు పెరుగుతాయి. మాటలతో నెట్టుకొచ్చినవాళ్లకు అక్కడ టెన్షన్ తప్పదు. డిఫికల్టీ తగ్గించుకోండి, అందులో తప్పేం లేదు.

నలభైదాటాక
గేమ్‌లో రావెల్ అనే మంత్రగత్తె అడిగే ప్రశ్న గురించి చెబుతాను, కథ చెప్పను. మనిషి స్వభావాన్ని ఏది మార్చగలదు? ఇరవైల్లో ఆడినప్పుడు ప్రేమ అని ఎంచుకున్నాను, రెండు సెకన్లు కూడా ఆలోచించలేదు. నాన్న పోయిన ఏడాది మళ్లీ ఆడాను. ఆయనతో మూడేళ్లు మాట్లాడకుండా ఉన్నవాణ్ణి నేను. ఆ జాబితాలో పశ్చాత్తాపం అనే మాట కనిపించగానే చెయ్యి ఆడలేదు. గేమ్ అలాగే వదిలేసి అమ్మకి ఫోన్ చేశాను.

పాతసీడీ
నలభైదాటాక గారూ, మీ మాట చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. అమ్మగారు ఎలా ఉన్నారు?
గోదారిగట్టు తమ్ముడూ, మెబెత్ సిరా తెచ్చేశాను. డాకన్ చక్రంలో నాలుగో వలయం దగ్గరున్నాను, ఈ రాత్రికి అక్కడే కూర్చుంటా.