15 వేల బడ్జెట్‌తో మొదటిసారి హై ఎండ్ బ్రాండ్లు ట్రై చేద్దామని: మేకప్‌కి పెట్టాలా, స్కిన్‌కేర్‌కి పెట్టాలా?

గోదారి_గట్టు

అందరికీ నమస్తే. శ్రావణంలో మా తమ్ముడి పెళ్ళి, రాజమండ్రిలోనే. ఒక్కగానొక్క ఆడపడుచుని కదా, పెళ్ళికూతురి పక్కన ప్రతి ఫొటోలో నేనుంటా. ఇన్నేళ్ళూ ఒక కాంపాక్టు, కాటుక, ఒక లిప్‌స్టిక్, అంతే నా మేకప్. ఈసారి ఆఫీసులో బోనస్ వచ్చింది, అందులో 15 వేలు అచ్చంగా నాకోసమే పక్కన పెట్టా. ఎస్టీ లాడర్, మ్యాక్, క్లినిక్ ఇలాంటివి ఒక్కసారైనా వాడి చూడాలని ఎప్పట్నుంచో ఉంది.

నా వయసు 36, చామనచాయ. నుదురు, ముక్కు జిడ్డు కారతాయి, బుగ్గలేమో పొడిబారతాయి. రెండో పాప పుట్టాక బుగ్గల మీద మంగు వచ్చింది, అది పోవట్లేదు, కాంపాక్టు వేస్తే ఆ మచ్చ ఇంకా బూడిదరంగులో కనిపిస్తోంది. వచ్చే నెల హైదరాబాద్‌లో పని ఉంది, అప్పుడు మాల్‌లో కౌంటర్లకి వెళ్ళి చూద్దామని. మొత్తం డబ్బు మంచి సీరమ్, క్రీమ్ మీద పెట్టి చర్మం బాగుచేసుకుంటే మేకప్ అవసరమే ఉండదు అని మా తోడికోడలు అంటోంది, నాకేమో ఫౌండేషన్ కొనాలని ఉంది. వాడినవాళ్ళు చెప్పండి, డబ్బు ఎక్కడ పెడితే తేడా కంటికి కనిపిస్తుంది?

ముస్తాబు_అక్క

చెల్లీ, నేను విజయవాడలో బ్రైడల్ మేకప్ చేస్తాను. సూటిగా చెప్తున్నా, పెళ్ళి ఫొటోల కోసమైతే డబ్బు ఫౌండేషన్‌లో పెట్టు. ఖరీదైనదానికి, చవకదానికి తేడా అన్నిటికంటే ఎక్కువ కనిపించేది అక్కడే. కారణం షేడ్లు. మన చామనచాయలో పసుపు ఛాయ ఉంటుంది, కొందరికి కొంచెం ఆలివ్, అంటే ఆకుపచ్చ ఛాయ ఉంటుంది, చవక బ్రాండ్లలో మన రంగుకి రెండో మూడో షేడ్లే దొరుకుతాయి, అవీ గులాబీ వైపో బూడిద వైపో లాగుతాయి. నీకు మంగు మీద బూడిదరంగు వస్తోంది అన్నావే, అది అదే. తెల్లగా ఉన్న పౌడర్ నల్లమచ్చ మీద పడితే అలాగే కనిపిస్తుంది.

షేడ్ ఎలా చూసుకోవాలో కాస్త వివరంగా చెప్తా, ఎందుకంటే 4 వేలు పైన పెట్టి సీసా కొని రంగు కుదరక బీరువాలో పడేసినవాళ్ళని చాలామందిని చూశా. కౌంటర్‌కి వెళ్ళేటప్పుడు ముఖం కడుక్కుని, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ మాత్రమే రాసుకుని వెళ్ళు, మేకప్ వద్దు. ముంజేతి మీద రాసి చూపిస్తారు, అది లెక్కలోకి తీసుకోకు, చెయ్యి రంగు వేరు ముఖం రంగు వేరు. దవడ ఎముక దగ్గర, బుగ్గ కింద నుంచి మెడ మీదకి వచ్చేలా మూడు షేడ్లు మూడు గీతలు పెట్టించుకో. లోపల ఆ పసుపు లైట్లలో అన్నీ బాగానే కనిపిస్తాయి, కాబట్టి అప్పుడే బిల్లు వేయించొద్దు. అలాగే బయటికి వచ్చి ఎండ పడేచోట ఫోన్‌లో ఫిల్టర్ తీసేసి ఒక ఫొటో తీసుకో. తర్వాత వేరే షాపింగ్ చేసుకుని, టీ తాగి, గంటా రెండు గంటలయ్యాక మళ్ళీ చూడు. జిడ్డు చర్మం మీద కొన్ని ఫౌండేషన్లు గాలి తగిలాక ముదురుగా, నారింజ వైపు మారతాయి, దాన్నే ఆక్సిడైజ్ అవ్వడం అంటాం. అప్పటికి కూడా మెడలో కలిసిపోయి కనపడకుండా ఉన్న గీతే నీ షేడ్.

ఇంకోటి, మ్యాక్‌లో ఎన్‌సీ, ఎన్‌డబ్ల్యూ అని షేడ్లు ఉంటాయి, డబ్ల్యూ అంటే వార్మ్, అంటే పసుపు ఛాయ కదా అని చాలామంది అది అడుగుతారు. వాళ్ళ లెక్క తిరగేసి ఉంటుంది, పసుపు ఛాయ ఉన్నవాళ్ళకి ఎన్‌సీ, గులాబీ ఛాయ ఉన్నవాళ్ళకి ఎన్‌డబ్ల్యూ. మనవాళ్ళలో చాలామంది ఎన్‌సీ 40, 42 దగ్గర కుదురుతారు. ఎస్టీ లాడర్ డబుల్ వేర్ ఫౌండేషన్‌లో మాత్రం మామూలుగానే డబ్ల్యూ అంటే వార్మ్, ఎన్ అంటే న్యూట్రల్, సీ అంటే కూల్, అంటే గులాబీ ఛాయ, ముందు ఉన్న అంకె పెరిగేకొద్దీ రంగు ముదురు. శ్రావణంలో గోదావరి ఉక్కపోతకి, హోమం పొగ దగ్గర గంటలతరబడి కూర్చోవడానికి డబుల్ వేర్ నిలబడుతుంది, నా కిట్‌లో అదెప్పుడూ ఉంటుంది. కానీ నీ బుగ్గలు పొడి అన్నావు, అది త్వరగా ఆరిపోయి పట్టేస్తుంది, కాబట్టి ముందు బుగ్గలకి మాయిశ్చరైజర్ బాగా పట్టించి పది నిమిషాలు ఆగి, కొంచెం కొంచెం తీసుకుని తడి స్పాంజితో అద్దుకోవాలి, ఒకేసారి ముఖమంతా పూసేస్తే అద్దేలోపే ఆరిపోతుంది.

మంగు కోసం ఫౌండేషన్ మందంగా వేయకు. దానికింద పీచ్ లేదా ఆరెంజ్ కరెక్టర్, అంటే మచ్చ నలుపుని కప్పే రంగు క్రీమ్, పల్చగా, మచ్చ ఉన్న మేరకే. బాబీ బ్రౌన్‌లో కరెక్టర్లు బాగుంటాయి, గోరంత తీసుకుంటే చాలు కాబట్టి డబ్బా చాలాకాలం వస్తుంది. అప్పుడు పైన ఫౌండేషన్ పల్చటి పొర సరిపోతుంది.

డాలస్_తెలుగమ్మాయి

అక్క ఫౌండేషన్ గురించి చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. నేను స్కిన్‌కేర్ గురించి చెప్తా, ఇక్కడ అమెరికాలో సెఫోరా అనే కాస్మెటిక్స్ షాపులో కొన్నది వాడి చూసి నచ్చకపోతే 30 రోజుల్లోపు తిరిగి ఇచ్చేయొచ్చు, అందుకని చాలా ఖరీదైనవి ధైర్యంగా ట్రై చేశా. మన దగ్గర సీల్ తీశాక సాధారణంగా వెనక్కి తీసుకోరు కాబట్టి మీరు మినీలతో, అంటే చిన్న సైజు సీసాలతో మొదలుపెట్టడం మంచిది.

లా మేర్ క్రీమ్ గురించి అందరూ అడుగుతారు. డబ్బా వెనక్కి తిప్పి అందులో ఏమున్నాయో చదివితే మొదట సముద్రపు నాచు సారం, ఆ వెంటనే మినరల్ ఆయిల్, పెట్రోలేటమ్, గ్లిజరిన్, మైక్రోక్రిస్టలైన్ వాక్స్, ఇలా ఉంటుంది. నాచు తప్పిస్తే ఈ మిగతావాటిలో చాలావరకు నీవియా నీలం డబ్బాలో కూడా ఉంటాయి. నాచుని పులియబెట్టి చేసిన ద్రవమే దాని ప్రత్యేకత అని కంపెనీ చెప్తుంది. ఇక్కడ చలికాలం హీటర్ గాలికి నాకు హాయిగా ఉంది, ఆ రాసుకునే పద్ధతి, వేళ్ళ మధ్య కరిగించి అద్దుకోవడం, అదంతా నాకిష్టం. కానీ రాజమండ్రి ఉక్కకి, మీ జిడ్డు నుదుటికి అంత మందం క్రీమ్ అస్సలు వద్దు.

స్కిన్‌సూటికల్స్ వాళ్ళ సీ ఈ ఫెరూలిక్ సీరమ్ మాత్రం వేరే సంగతి. అందులో 15 శాతం ఎల్ ఆస్కార్బిక్ యాసిడ్ (విటమిన్ సీ), 1 శాతం విటమిన్ ఇ, 0.5 శాతం ఫెరూలిక్ యాసిడ్ ఉంటాయి, డ్యూక్ యూనివర్సిటీలో జరిగిన పరిశోధన దాని వెనకుంది, ఆ మూడూ కలిస్తే ఎండవల్ల జరిగే నష్టం తగ్గుతుందని చూపించారు. మంచిదే, కానీ ఒక్క సీసాకే మీ బడ్జెట్ మొత్తం అయిపోతుంది, పైగా విటమిన్ సీ ఆ రూపంలో గాలికి, వేడికి, వెలుతురుకి చెడిపోతుంది. లేత పసుపులో ఉన్నది కాఫీ డికాషన్ రంగుకి వచ్చిందంటే ఇంక పనిచేయదు, మన వేసవిలో గదిలో పెడితే అది త్వరగానే జరుగుతుంది. ఇదే మోతాదులో మన ఇండియన్ బ్రాండ్లవి వెయ్యిలోపే ఉన్నాయి, చిన్న సీసా కొని ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

ఒక్క ఖరీదైన స్కిన్‌కేర్ వస్తువు ట్రై చేయాలని మనసులో ఉంటే ఎస్టీ లాడర్ అడ్వాన్స్‌డ్ నైట్ రిపేర్ సీరమ్ 7 ఎం.ఎల్ మినీ తీసుకోండి. 1982 నుంచి ఉంది అది. మచ్చలు పోగొడుతుందని కాదు, పోగొట్టదు, కానీ బుగ్గలు పొడి అన్నారు కదా, జిడ్డు లేకుండా తేమ ఇస్తుంది, పొద్దున్నే దానిమీద మేకప్ నున్నగా కూర్చుంటుంది. అన్నట్టు క్లినిక్, మ్యాక్, బాబీ బ్రౌన్, లా మేర్ అన్నీ ఎస్టీ లాడర్ కంపెనీవే. అలాగే లాంకోమ్, కీల్స్, మేబెలిన్, గార్నియర్ అన్నీ లోరియల్‌వి. అందుకే పేరు చూసి కాదు, వెనక రాసింది చదివి కొనమంటాను.

మెడికల్_షాపు_వదిన

నేను ఫార్మసిస్టుని. అమ్మా గోదారి_గట్టూ, పై ఇద్దరూ చెప్పనిది ఒకటుంది, మంగు సంగతి. మంగుకి సీరమ్ కంటే ముందు సన్‌స్క్రీన్. అది కూడా మామూలుది కాదు, రంగు కలిపిన టింటెడ్ సన్‌స్క్రీన్. మంగు ఎండలోని యూవీ వల్లనే కాదు, కంటికి కనిపించే వెలుతురు వల్ల కూడా ముదురుతుంది, దాన్ని ఆపడానికి ఐరన్ ఆక్సైడ్ కావాలి, టింటెడ్ వాటిలో ఆ రంగు వచ్చేది దానివల్లే. ఎస్పీఎఫ్ 50 ఉన్నది తీసుకుని, చూపుడువేలు మధ్యవేలు రెండింటి నిండా పిండి ముఖానికీ మెడకీ రాయాలి, బయట ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్ళీ. ఇందులో లగ్జరీ అక్కర్లేదు, ఐదారు వందల్లో మంచివి దొరుకుతాయి, పైగా ఖరీదైనది కొంటే అయిపోతుందని బఠాణీ గింజంత రాస్తారు, దానివల్ల లాభం లేదు.

రెండోది ఇంకా ముఖ్యం. పెళ్ళి దగ్గరపడుతోందని ఎవరో చెప్పిన ట్యూబు తెచ్చి పూసుకోకు. హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, స్టెరాయిడ్ మూడూ కలిపిన క్రీములు ఉంటాయి, రెండు వారాల్లో ముఖం తెల్లబడుతుంది, అది చూసి నెలలు నెలలు వాడేస్తారు. చర్మం పల్చబడి ఎర్రగా మండుతుంది, మొటిమలు, సన్నటి వెంట్రుకలు వస్తాయి, ఆపగానే మంగు అంతకు ముందుకంటే నల్లగా తిరిగొస్తుంది. 2018లో ప్రభుత్వం స్టెరాయిడ్ క్రీములని షెడ్యూల్ హెచ్‌లో పెట్టింది, చీటీ లేకుండా ఇవ్వకూడదు, అయినా ఆడపిల్లలు చీటీ లేకుండానే అడుగుతుంటారు, నేను ఇవ్వను, ఇవ్వనందుకు తిట్టినవాళ్ళూ ఉన్నారు. నీ 15 వేలలో ఒక వెయ్యి తీసి ముందు స్కిన్ డాక్టరుకి చూపించు. పాపకి ఇంకా పాలిస్తున్నావా, మళ్ళీ పిల్లల ఆలోచన ఉందా అనేది కూడా చెప్పు, రెటినాల్, ట్రెటినోయిన్ లాంటివి కడుపుతో ఉన్నప్పుడు వాడకూడదు.

కొండాపూర్_కోడలు

హైదరాబాద్ వస్తున్నారంటే షాపర్స్ స్టాప్‌లోనే ఎస్టీ లాడర్, క్లినిక్, మ్యాక్ కౌంటర్లు పక్కపక్కన ఉంటాయి, అన్నీ ఒక్కచోటే చూసుకోవచ్చు. శని ఆదివారాలు వద్దు, మామూలు రోజు పొద్దున షాపు తెరిచిన టైముకి వెళ్తే తీరిగ్గా కూర్చోబెట్టి చూపిస్తారు. ఫౌండేషన్ శాంపిల్ చిన్న డబ్బాలో పోసి ఇవ్వమని అడగండి, మొహమాటపడొద్దు. ఇస్తే ఇంటికి తీసుకెళ్ళి ఒక రోజంతా వేసుకుని చూడొచ్చు, వంటింట్లో చెమట పడితే ఎలా ఉందో తెలుస్తుంది.

ఇన్‌స్టాలో సగం ధరకి అమ్మే పేజీల జోలికి వెళ్ళొద్దు ప్లీజ్. మన దేశంలో పద్ధతిగా వచ్చిన విదేశీ వస్తువు పెట్టె మీద దిగుమతి చేసుకున్న కంపెనీ పేరు, అడ్రసు, ఎంఆర్‌పీ, రిజిస్ట్రేషన్ నంబర్ ఉన్న స్టిక్కర్ ఉంటుంది. అది లేకపోతే ఎవరైనా విదేశాల నుంచి సూట్‌కేసులో తెచ్చిందన్నా అవ్వాలి, నకిలీదన్నా అవ్వాలి, అదేంటో మనం బయటనుంచి చూసి చెప్పలేం. మా ఆఫీసులో ఒకమ్మాయి అలాంటి పేజీలో లిప్‌స్టిక్ కొంటే పెదాలు వాచి మూడు రోజులు మాస్క్ పెట్టుకుని వచ్చింది.

ఇంకో మాట, లగ్జరీ స్కిన్‌కేర్‌లో సెంటు ఎక్కువ. వాసన బాగుందని మురిసిపోతాం కానీ కొందరికి దురద, మంట వచ్చేది ఆ సెంటువల్లే. చెవి వెనక మూడు నాలుగు రోజులు రాసి చూశాకే ముఖానికి రాయండి.

గోదారి_గట్టు

అక్కలందరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు నాకు. పాపకి పాలు మాన్పించేశా వదినా, ఇంక పిల్లలు వద్దనుకున్నాం, ఈ శనివారమే డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకున్నా. ముస్తాబు అక్కా, ఇంకొక్క డౌట్. డబుల్ వేర్, కరెక్టర్ కొన్నాక ఇంకా డబ్బు మిగులుతుంది, పౌడర్ కూడా ఖరీదైనదే కొనాలా? ముహూర్తం రాత్రి 11 దాటాక, ఫ్లాష్ ఫొటోలే ఎక్కువ. సన్‌స్క్రీన్ వేస్తే ఫొటోలో తెల్లగా వస్తామని కూడా అంటున్నారు.

ముస్తాబు_అక్క

మంచి ప్రశ్న అడిగావు. రాత్రి ముహూర్తానికి సన్‌స్క్రీన్ అక్కర్లేదు, ఎండ ఉండదు కదా, సాయంత్రం ముఖం శుభ్రంగా కడిగేసుకుని మాయిశ్చరైజర్ నుంచి మొదలుపెట్టు. ఫ్లాష్‌లో తెల్లగా కనిపించేది జింక్, టైటానియం ఉన్న సన్‌స్క్రీన్ వల్ల, లేదా సిలికా ఎక్కువున్న తెల్ల పౌడర్ వల్ల. కాబట్టి పౌడర్ తెల్లది కాకుండా పసుపు ఛాయలో ఉన్నది తీసుకో. లారా మెర్సియర్ లూజ్ పౌడర్‌లో హనీ షేడ్ మన రంగుకి బాగుంటుంది, చిన్న సైజు కూడా వస్తుంది. నుదురు, ముక్కు, గడ్డం దగ్గర మాత్రమే అద్దు, బుగ్గలకి వద్దు. కొన్న రోజే రాత్రి గదిలో లైటు తీసేసి మీ ఆయనతో ఫ్లాష్ వేసి ఫొటో తీయించుకో, తేడా ఉంటే అప్పుడే తెలుస్తుంది.

మస్కారా, ఐలైనర్, కాటుక వీటికి ఖరీదైనవి వద్దు, మస్కారా ఎలాగూ మూడు నాలుగు నెలలకి పారేయాలి, మేబెలిన్ వాటర్‌ప్రూఫ్ చాలు. ఫేస్‌వాష్ మీద కూడా డబ్బు పెట్టకు, నిమిషంలో కడిగేసేదానికి రెండు వేలెందుకు. ఇంకా మిగిలితే ఒక మ్యాక్ లిప్‌స్టిక్ కొనుక్కో, పట్టుచీర బార్డర్ ముక్క కౌంటర్‌కి తీసుకెళ్ళు, ఫోన్‌లో ఫొటో చూపిస్తే రంగు కుదరదు. చీర ఏం రంగో ఇక్కడ చెప్తే షేడ్లు నేనే చెప్తా. కొత్త క్రీమ్ ఏదైనా సరే పెళ్ళికి నెల ముందే మొదలుపెట్టాలి, చివరి పది రోజుల్లో ముఖానికి కొత్తగా ఏదీ రాయకు, ఫేషియల్ కూడా వద్దు.

గోదారి_గట్టు

చీర అరిటాకు పచ్చ అక్కా, వంగపండు రంగు బార్డర్, జరీ ఎక్కువ. వెళ్ళేటప్పుడు బ్లౌజు ముక్క తీసుకెళ్తా.

ముస్తాబు_అక్క

అయితే మ్యాక్‌లో మెహర్ గానీ, కొంచెం ముదురు కావాలంటే డీవా గానీ పెట్టించుకుని చూడు. డీవా వంగపండు బార్డర్‌కి పట్టినట్టుంటుంది, రాత్రి లైట్లలో ముఖానికి నిండుగా వస్తుంది. రెండూ మ్యాటే, అంటే మెరుపు లేకుండా పొడిగా ఉండేవి, కాబట్టి కింద లిప్ బామ్ రాసి టిష్యూతో తుడిచి వేసుకో.