ఇద్దరం కలిసి రాసిన పత్రం ఒకరు రాసినట్టుగా లేదు: ఎలా సవరించుకోవాలి?

ప్రశ్న (ఎమ్మెస్సీ రసాయన శాస్త్రం, చివరి సెమిస్టరు విద్యార్థిని)

అందరికీ నమస్కారం. నేనూ నా సహాధ్యాయినీ కలిసి నల్లగొండ జిల్లాలోని కొన్ని గ్రామాల బోరుబావుల నీటిలో ఫ్లోరైడ్ ఎంత ఉందో కొలిచాం. ఆ ప్రాజెక్టునే ఇప్పుడు పరిశోధన పత్రంగా రాస్తున్నాం. ఉపోద్ఘాతం, పద్ధతులు నేను రాశాను. ఫలితాలు, చర్చ తను రాసింది. రెండూ కలిపి గైడుగారికి ఇస్తే “ఇవి రెండు పత్రాలమ్మా, ఒకటి కాదు” అని తిప్పి పంపారు. తన భాగాన్ని నేను దిద్దితే తను నొచ్చుకుంటోంది. నా భాగంలో తను మార్చినవి కొన్ని నాకూ నచ్చలేదు. ఇప్పుడు మా దగ్గర నాలుగైదు ఫైళ్లున్నాయి, ఏది చివరిదో తెలియడం లేదు. పైగా సిమిలారిటీ (ఇతరుల రచనలతో మా వాక్యాల పోలిక) ఇరవై శాతం దాటింది. మొదటి పేరు ఎవరిది ఉండాలన్న మాట ఇంకా ఎత్తనేలేదు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో చెప్పగలరా?

జవాబు (డిగ్రీ కళాశాల రసాయన శాస్త్ర అధ్యాపకుడు)

అమ్మా, మీ గైడుగారు అన్నది భాష గురించి మాత్రమే అనుకోకండి. వాక్యాల జోలికి వెళ్లే ముందు పత్రాన్ని అచ్చు తీసుకుని ఇద్దరూ పక్కపక్కన కూర్చోండి. అందులో ఉన్న ప్రతి అంకె కిందా పెన్సిలుతో గీత గీయండి. మీరు రాసిన భాగంలోని అంకె ఎక్కడిదో ఆమె చెప్పాలి, ఆమె రాసిన భాగంలోనిది మీరు చెప్పాలి. ల్యాబు నోటుబుక్కులో పేజీ తీసి చూపించాలి. ఎక్కడ తడబడ్డారో అక్కడే మీ పత్రం రెండుగా చీలి ఉంటుంది.

మీ అంశంలోనే ఒక ఉదాహరణ చెబుతాను, ఎందుకంటే ఫ్లోరైడ్ మీద విద్యార్థులు కలిసి రాసిన పత్రాల్లో ఇది నాకు తరచుగా కనబడుతుంది. తాగునీటికి మన జాతీయ ప్రమాణం ఐఎస్ 10500 (2012). అందులో ఫ్లోరైడ్‌కు రెండు పరిమితులున్నాయి. లీటరుకు 1.0 మిల్లీగ్రాము వరకు ఆమోదయోగ్యం. వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక విలువ కూడా 1.5. ఉపోద్ఘాతం రాసిన వారు 1.0 అని రాస్తారు, ఫలితాలు రాసిన వారు 1.5తో పోల్చి లెక్క వేస్తారు. అప్పుడు 1.2 వచ్చిన బావి రెండో పేజీలో పరిమితి దాటినట్టు, ఆరో పేజీలో దాటనట్టు అవుతుంది. సారాంశంలో “ఇన్ని బావులు పరిమితి దాటాయి” అన్న వాక్యం ఎవరి లెక్క ప్రకారం రాశారో ఇద్దరికీ తెలియదు. ఎంత అందమైన వాక్యాలు రాసినా ఈ చీలిక పూడదు. ఏ పరిమితితో పోలుస్తున్నారో పద్ధతుల్లోనే ఒక్క వాక్యంలో చెప్పేసి, చివరిదాకా దానికే కట్టుబడండి. రెండింటితోనూ పోల్చదలిస్తే పట్టికలో రెండు వరుసలు పెట్టండి. యూనిట్లూ అంతే. ఒకచోట మి.గ్రా./లీ., మరోచోట పీపీఎం వద్దు.

తర్వాత, ఉన్న ఫైళ్లన్నీ పక్కన పెట్టి ఒక్కటే ఉంచండి. గూగుల్ డాక్స్ అయితే పాత రూపాలన్నీ వెర్షన్ హిస్టరీలో ఉంటాయి కాబట్టి ఏదీ పోదు. వర్డ్‌లో రాస్తుంటే ఎవరు ఏం మార్చారో చూపే ట్రాక్ ఛేంజెస్ పెట్టుకుని, ఒకరు తెరిచినప్పుడు మరొకరు తెరవకుండా మాట అనుకోండి.

మొదటి ముసాయిదా పంచుకుని రాయవచ్చు. సవరణ మాత్రం పంచుకోకూడదు. ఒకరు మొదటి అక్షరం నుంచి చివరిదాకా మొత్తం తిరగరాయాలి, ఆ తర్వాత రెండోవారు మళ్లీ మొదటి నుంచి చివరిదాకా చూడాలి. ఎవరి భాగం వారే దిద్దుకుంటే ఎన్నిసార్లు దిద్దినా రెండు గొంతులు అలాగే ఉంటాయి. ఫలితాలు రాసినవారే ముందుగా కలం పట్టుకోవడం మేలు. పట్టికలూ గ్రాఫులూ ఏం చెబుతున్నాయో వారికి బాగా తెలుసు, ఉపోద్ఘాతంలో ఏది అవసరమో ఏది అనవసరమో వారే తేల్చగలరు. ఉపోద్ఘాతంలో రెండు పేజీలు ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లకూ ఎముకలకూ వచ్చే వ్యాధి) చరిత్ర రాసి, ఫలితాల్లో ఆరోగ్యం ఊసే లేకపోతే ఆ రెండు పేజీలూ తీసేయాల్సిందే. 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధిని గుర్తించిన సంగతి ఒక్క వాక్యంలో ఇమిడిపోతుంది.

నొచ్చుకోవడం సంగతి. దీనికి మా విద్యార్థులకు నేను చెప్పే పద్ధతి ఒకటుంది. భాష మారే దిద్దుబాటు అయితే అడగకుండా చేయవచ్చు. అర్థం మారేదైతే నేరుగా మార్చకూడదు, పక్కన వ్యాఖ్యగా పెట్టి ఎందుకో రాయాలి. వినడానికి తేలికే కానీ గీత ఎక్కడుందో చూడండి. మీ స్నేహితురాలు “కాల్షియం తక్కువగా ఉన్న నమూనాల్లో ఫ్లోరైడ్ ఎక్కువగా కనిపించింది” అని రాసిందనుకుందాం. మీరు వాక్యం చదవడానికి బాగుంటుందని “కాల్షియం తక్కువ కావడం వల్ల ఫ్లోరైడ్ పెరిగింది” అని మార్చారు. మీ దృష్టిలో అది భాష. కానీ ఆమె చెప్పింది చూసిన విషయం, మీరు చెప్పింది కారణం. కాల్షియం ఎక్కువుంటే ఫ్లోరైడ్ కాల్షియం ఫ్లోరైడ్‌గా అవక్షేపిస్తుంది కాబట్టి ఆ కారణం సబబైనదే కావచ్చు, అయినా దాని చోటు చర్చలో, ఆధారం చూపించి. ఫలితాల్లో కాదు. ఇలాంటి చోటే స్నేహితులకు మాట పట్టింపు వస్తుంది. “నా వాక్యం మార్చావు” అని అంటారు గానీ, నిజానికి మారింది వాక్యం కాదు, వాదన.

పత్రం చివరి రూపాన్ని మాత్రం బయటికి చదవండి. ఒకరు చదవాలి, ఒకరు వినాలి. వింటున్నవారికి అర్థం కాని చోట చదివేవారు వివరణ ఇవ్వకూడదు. నోటితో ఇవ్వబోయిన ఆ వివరణే పత్రంలో రాయవలసింది.

మరో జవాబు (గణితంలో పరిశోధక విద్యార్థి)

పై మాటలకు చిన్న చేర్పు. హార్డీ, లిటిల్‌వుడ్ అనే ఇద్దరు గణితవేత్తలు దశాబ్దాల పాటు కలిసి పత్రాలు రాశారు. వారి ఒప్పందంలో మొదటి నియమం, ఒకరికొకరు రాసుకునే ఉత్తరాల్లో ఉన్నది తప్పయినా ఒప్పయినా పట్టించుకోనక్కర్లేదని. ముసాయిదా దశలో ఈ స్వేచ్ఛ చాలా అవసరం. తప్పు పంపడానికి భయపడేవారు అసలు ఏమీ పంపరు, గడువు ముందు రోజు రాత్రి అంతా ఒకేసారి పంపుతారు. వారి నాలుగో నియమం ప్రకారం, ఒకరు రవ్వంత పని చేయకపోయినా పత్రం మీద ఇద్దరి పేర్లూ ఉంటాయి. అది మాత్రం మీ రంగానికి పనికిరాదు. మాకు పేర్లు అక్షరక్రమంలో వేసే అలవాటుంది కాబట్టి గొడవ ఉండదు. మీకు మొదటి పేరుకు విలువ వేరు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. అంకెల పని ఈ రోజే చేశాం. పరిమితి దగ్గర మేమూ అక్షరాలా అలాగే రాశాం! మరి సిమిలారిటీ, పేర్ల క్రమం? విభాగాధిపతిగారి పేరు కూడా చేర్చమని కొందరు అంటున్నారు.

జవాబు (పర్యావరణ శాస్త్రంలో పరిశోధక విద్యార్థిని)

సిమిలారిటీ నివేదికలో శాతం చూసి కంగారు పడకుండా రంగు పడిన వాక్యాలు చూడండి. యూజీసీ 2018 నిబంధనలు 10 శాతం వరకు పోలికకు శిక్ష వేయవు. రిఫరెన్సులు, ఆధారం చూపిన ఉటంకింపులు, ప్రామాణిక సమీకరణాలు లెక్కలోకి రావు. వాటిని మినహాయించి మళ్లీ నివేదిక తీయించండి, కొంత అక్కడే తగ్గుతుంది. మిగిలింది చాలావరకు పద్ధతుల్లో ఉంటుందని నా ఊహ, ల్యాబు మాన్యువల్ వాక్యాలు దించి ఉంటారు. పర్యాయపదాలు వేసి దాచే ప్రయత్నం చేయకండి, అర్థమే చెడుతుంది. అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడుతో (ఫ్లోరైడ్‌ను నేరుగా కొలిచే సాధనం) కొలిచి ఉంటే, కొలిచే ముందు నమూనాలో టిసాబ్ అనే బఫర్ ద్రావణం ఎందుకు కలుపుతారో పేరా నిండా రాయనక్కర్లేదు. ప్రామాణిక పద్ధతిని పేర్కొని, మీరు చేసినది మాత్రమే రాయండి: నమూనాలు ఏ నెలలో తీశారు, పాలిథీన్ సీసాలే వాడారా, ఏ గాఢతల ద్రావణాలతో క్యాలిబ్రేషన్ (సాధనాన్ని సరిచూడడం) చేశారు, ప్రతి నమూనాను ఎన్నిసార్లు కొలిచారు. ఇవి మీవి, ఎవరితోనూ పోలిక రాదు. మళ్లీ ఆ పని చేయదలచినవారికి కావలసినవీ ఇవే.

పేర్ల మాట ఈ వారమే మాట్లాడేయండి, పత్రం అంగీకారం అయ్యాక మాట్లాడితే మనసులు విరుగుతాయి. క్రెడిట్ (CRediT) అనే పద్ధతిలో రచయితల పనిని 14 పాత్రలుగా విడగొట్టారు: ఆలోచన, నమూనాల సేకరణ, విశ్లేషణ, మొదటి ముసాయిదా, సవరణ వగైరా. ఆ పట్టిక ముందు పెట్టుకుని ఎవరి పేరు ఎక్కడ వస్తుందో విడివిడిగా రాసి, తర్వాత పోల్చుకోండి. దాదాపు సమానమైతే ఇద్దరి పేర్ల మీదా నక్షత్రం గుర్తు పెట్టి ‘సమాన భాగస్వామ్యం’ అని అడుగున రాయవచ్చు, చాలా జర్నళ్లు ఒప్పుకుంటాయి. పరిశోధనలో గానీ రచనలో గానీ పాలు లేని పెద్దలకు రచయితల వరుసలో చోటు లేదు. ల్యాబు సదుపాయం ఇచ్చినందుకు కృతజ్ఞతల్లో గౌరవంగా రాయండి. ఆ మాట మీరు నేరుగా చెప్పకండి, గైడుగారి చేత చెప్పించండి.

ప్రశ్న అడిగినవారు

చివరిగా ఒకటి. చర్చలో కొంత భాగాన్ని నా స్నేహితురాలు ఏఐ సాధనంతో మెరుగుపరిచింది. ఇబ్బందా?

జవాబు (అధ్యాపకుడు)

జర్నల్ నియమాలు చదవండి. భాష మెరుగుకు వాడామని వెల్లడిస్తే చాలావాటికి అభ్యంతరం ఉండదు, దాన్ని రచయితగా మాత్రం చూపకూడదు. అసలు ప్రమాదం వేరే ఉంది. అలాంటి సాధనాలు లేని పత్రాలను ఉన్నట్టు చూపిస్తాయి. ఆ భాగంలోని ప్రతి రిఫరెన్సునూ ఆమె కాకుండా మీరు తెరిచి చూడండి, మీ భాగంలోవి ఆమెను చూడమనండి. తెరుచుకోనిది తీసేయండి. తెరుచుకున్నదాంట్లో మీరు చెప్పిన మాట లేకపోతే వాక్యమే తీసేయండి.

పంపేటప్పుడు ఉత్తరప్రత్యుత్తరాలకు గైడుగారి చిరునామాతో పాటు మీ ఇద్దరి సొంత ఈమెయిళ్లు ఇవ్వండి, కళాశాల ఇచ్చినవి కాదు. రివ్యూయర్ల (జర్నల్ తరఫున పత్రాన్ని పరిశీలించేవారి) వ్యాఖ్యలు నెలల తర్వాత వస్తాయి. అప్పటికి మీ చదువు అయిపోతుంది, కళాశాలవారు తాము ఇచ్చిన ఈమెయిళ్లు మూసేసి ఉండవచ్చు. నోటుబుక్కుల పేజీలన్నీ ఫోటో తీసి ఇద్దరి దగ్గరా ఉంచుకోండి. వ్యాఖ్యలు వచ్చాక ఏదైనా సందేహముంటే ఇక్కడే అడగండి.